కారు చక్రములు – ఇంటివద్ద సంరక్షణ

కొన్నేండ్ల క్రిందట ఇచ్ఛాపురమువైపు ఒక వివాహమునకు పోయి, వైశాఖమాసపు మధ్యాహ్నమున విజయనగరమునకు తిరిగి వచ్చుచుంటిమి. కారులో నా భార్యయు, పిల్లలిద్దరును ఉండిరి. టెక్కలి దాటిన కొంతసేపటికి ముందు ఎడమచక్రమువద్ద తుపాకి ప్రేలినట్లు చప్పుడైనది. కారు ఎడమప్రక్కకు లాగసాగెను. స్టీరింగును రెండుచేతులతో బిగబట్టి, బ్రేకును ఒక్కమారుగా త్రొక్కక, వేగము దానంతట అదియే తగ్గువరకు ఓర్చి, మెల్లగా బాట అంచున నిలిపితిని. ఆ క్షణమున వెనుకనుండి లారీ ఏదియు దగ్గరగా రాకుండుటచేతనే నేడీ వ్యాసము వ్రాయగలుగుచున్నాను.

డిక్కీనుండి స్టెప్నీని తీసి చూడగా అందులో గాలి లేదు. ఏడాదిగా దాని మొగము చూచినవాడను కాను. ఎండలో దిక్కుతోచక నిలిచియుండగా సాలూరు లారీ ఒకటి ఆగినది. డ్రైవరు దిగివచ్చి, లారీ గాలిట్యాంకునుండి గొట్టము లాగి స్టెప్నీని నింపెను. పిదప పగిలిన టైరును లోపలివైపు అరచేతితో తడిమి నాకు చూపెను. బయటి అంచున గాడులు చక్కగా ఉన్నవి. లోపలి అంచున రబ్బరు పూర్తిగా అరిగి ఉక్కుతీగెలు పైకి తేలియున్నవి. "లోపలి పక్క తినేసినాది బాబూ. బైటికి బాగానే కనిపిస్తాది. ఎప్పుడూ ఇప్పి సూడనేదేటి?" అని అడిగెను.

అంతకు పదునైదు దినముల ముందే ఆ కారును ఒక మరమ్మతుశాలలో సర్వీసు చేయించితిని. వారిచ్చిన కాగితములో టైర్లు అను మాటకెదురుగా టిక్కు పెట్టియున్నది. చూచినవారు బయటినుండి చూచియుందురు. నేనును ప్రతిదినము అట్లే చూచుచుంటిని. ఆ డ్రైవరు ప్రశ్నకు ఆనాడు నావద్ద సమాధానము లేదు. తరువాత నేర్చుకొన్న పనిని, అది చేయు విధమును ఇచ్చట వివరించెదను.

సాలూరు లారీలకు ప్రసిద్ధికెక్కిన పట్టణము. విజయనగరమునుండి సాలూరు మీదుగా కొండలెక్కి కొరాపుట్టు పోవు బాట పూర్వము 43వ నంబరు జాతీయరహదారి. ఇప్పుడది 26వ నంబరు. ఆ ఘాటురోడ్డుపై బరువుతో ఎక్కిదిగు లారీవారు బయలుదేరుటకు ముందు ఇనుపకడ్డీతో ఒక్కొక్క టైరును తట్టి చప్పుడు విందురు. చేతితో తడిమి చూతురు. మన కార్లకు ఇట్టి పరీక్ష జరుగుట అరుదు. లారీ టైరు పగిలినచో దానికి ప్రక్కన జంటటైరు ఉండును. కారు చక్రమునకు అట్టి తోడు లేదు.

నాలుగు టైర్లు ఒకేసారి కొన్నను అవి ఒకేతీరున అరుగవు. 1957 నుండి 2014 వరకు తయారైన అంబాసిడరు కారులో ఇంజను ముందున్నను, దాని శక్తి వెనుక చక్రములకు పోవుచుండెను. 1983 డిసెంబరులో వచ్చిన మారుతీ 800 వంటి చిన్నకార్లలో ముందుచక్రములే బండిని లాగును. నేడు మన ఇండ్లముందు నిలిచియున్న కార్లలో అధికభాగము ఈ జాతివే. వీనిలో బండిని లాగుట, మలుపు త్రిప్పుట, బ్రేకు వేసినపుడు బరువునెక్కువగా మోయుట అను మూడు పనులును ముందు జతమీదనే పడును. వెనుక జత వెంటవచ్చు పరివారము వంటిది. అందుచేత ముందు టైర్లు గుండుగా మారునప్పటికి వెనుకవానిలో సగము గాడి మిగిలియుండును. సుమారు 8,000 నుండి 10,000 కిలోమీటర్లకొకసారి చక్రముల స్థానములు మార్చుచున్నచో నాలుగును దాదాపు సమానముగా అరుగును. ఖర్చు కలిసివచ్చును. అందరు చెప్పు ప్రయోజనము ఇదియే.

నాకు ఇంతకంటె ముఖ్యముగా తోచిన ప్రయోజనము మరియొకటి కలదు. చక్రము మార్చవలెనన్న దానిని విప్పవలెను. విప్పినపుడు తప్ప కనబడని భాగములు కారులో అనేకములు కలవు. టైరు లోపలి అంచు వానిలో మొదటిది.

ఏ చక్రము ఎచ్చటికి పోవలెనన్నది చక్కగా గుర్తుంచుకొనవలెను. ముందుచక్రములు లాగు కారులో ముందువి రెండును తమ తమ ప్రక్కననే నేరుగా వెనుకకు పోవును. వెనుకవి రెండును ప్రక్కలు మారి ముందుకు వచ్చును. వెనుకచక్రములు నడుపు కారులో దీనికి తలక్రిందు: వెనుకవి నేరుగా ముందుకు, ముందువి ప్రక్కలు మారి వెనుకకు. టైరు ప్రక్కగోడపై తిరుగు దిక్కును తెలుపు బాణము గుర్తు ఉన్నచో ఆ టైరు ప్రక్క మారరాదు. ముందువెనుకల మార్పు మాత్రమే చేయవలెను. ముందు టైర్లు ఒక కొలత, వెనుకవి వేరొక కొలత ఐనచో ఈ ప్రసక్తియే లేదు. రేడియల్ టైర్లను ప్రక్క మార్పరాదని పెద్దలు కొందరు ఇప్పటికిని వారించుచుందురు. ఆ టైర్లు క్రొత్తగా వచ్చిన కాలమున అట్టి సలహా ఉండెడిది. నేటి రేడియల్ టైర్లకు అట్టి నిషేధము లేదు. సందేహమున్నచో కారుతోబాటు ఇచ్చిన పుస్తకమును చూడుడు. ఆ పుస్తకము అనేకుల ఇండ్లలో కొన్ననాటి ప్లాస్టికు సంచిలోనే నిద్రించుచుండును!

ఒక్క జాకీతో ఈ పని ఎట్లు చేయుదుమని అడుగవచ్చును. స్టెప్నీ ఉన్నచో చేయవచ్చును. మొదట ముందు ఎడమచక్రమును విప్పి ఆ చోట స్టెప్నీని బిగింపుడు. విప్పిన చక్రమును వెనుక ఎడమకు కొనిపోయి, అచ్చటిదానిని తీసి దీనిని బిగింపుడు. అచ్చట వచ్చినది ముందు కుడికి, ముందు కుడిది వెనుక కుడికి పోవును. చివరకు వెనుక కుడినుండి వచ్చినదానిని కొనివచ్చి, ముందు ఎడమన కాపలాయున్న స్టెప్నీని తీసి అచ్చట బిగింపవలెను. కారును ఐదుమార్లు ఎత్తవలసివచ్చును. అలవాటైన పిదప గంటన్నరలో పూర్తియగును. స్టెప్నీ కొలత చిన్నదైనను బండి కదలకుండ నిలిచియున్నంతసేపు చింతలేదు.

ఇక జాకీ విషయమున ఎంత చెప్పినను తక్కువే. నేల గట్టిగా, సమముగా ఉండవలెను. తీరగ్రామములలోని ఇసుకనేలయందు, వర్షమునకు నానిన మట్టియందు జాకీ ఒకప్రక్కకు క్రుంగి కారు జారిపోవును. అడుగున దళసరి చెక్కపలక వేయుడు. ఇటుక పెట్టుట మనవారికి అలవాటు. ఇటుక హఠాత్తుగా పగులును, కాన పనికిరాదు. హేండ్‌బ్రేకు బిగించి, మొదటి గేరులో ఉంచి, ఎత్తుచున్న చక్రమునకు ఎదురుమూలనున్న చక్రమునకు రెండువైపుల రాళ్ళు ఒత్తిపెట్టవలెను. చాలకార్లలో హేండ్‌బ్రేకు వెనుకచక్రములనే పట్టును. వెనుకచక్రము నెత్తినపుడు దాని పట్టు సగము పోయినట్లే. జాకీ ఆనించుటకు కారు క్రిందిభాగమున నియమితస్థానములు కలవు. అవి తప్పినచో రేకు వంగును. ఎత్తిన కారుక్రింద తల గాని, చేయి గాని ఎన్నడును ఉంచరాదు. క్రింద పని ఉన్నచో ఉక్కుస్టాండ్లు వేసి, వానిపై బరువు నిలిపిన తరువాతనే చేయవలెను. కారుతో వచ్చు జాకీ చక్రము మార్చుటకే గాని మనిషి ప్రాణమును మోయుటకు కాదు. పిల్లలు చూడవచ్చిరేని ఆరడుగుల దూరమున కూర్చుండబెట్టుడు.

చక్రము నేలనంటియున్నపుడే నట్లను కొంచెము వదులు చేయవలెను. గాలిలో ఉన్నపుడు బలము చేసినచో కారు జాకీపైనుండి జారును. తిరిగి బిగించునపుడు వరుసగా ఒకదాని ప్రక్క నొకటి కాక, ఎదురెదురు నట్లను మార్చి మార్చి బిగింపవలెను; అపుడే చక్రము వంకర లేకుండ కూర్చుండును. మరలకు నూనెగాని గ్రీజుగాని పూయకుడు. పానాపై కాలు వేసి ఎగురు శూరులు కలరు. అట్లు అతిగా బిగించినచో బోల్టులు సాగి బలహీనమగును. అంతేకాక రాత్రివేళ పంచరు పడినపుడు ఇంటి ఇల్లాలికి ఆ నట్లు ఊడిరావు. టార్కు రెంచి దొరకినచో పుస్తకములో చెప్పిన కొలతకు బిగించుట శ్రేష్ఠము. దాదాపు వంద కిలోమీటర్లు నడచిన పిదప మరియొకసారి పరీక్షింపవలెను.

చక్రము విప్పి ఒళ్ళోకి తీసికొన్నపుడు దానిని తొందరపడి మరియొకచోట తగిలింపకుడు. అరుగుదల ఒక లిపి. మధ్యభాగము మాత్రము అరిగినచో గాలి ఎక్కువైనదని అర్థము. రెండు అంచులును అరిగి మధ్య నిలిచినచో గాలి తక్కువైనది. ఒక్క అంచుననే అరిగినచో చక్రముల వాలు తప్పినది, అలైన్‌మెంటు చేయింపవలెను. మా కారునకు జరిగినది అదియే. అచ్చటచ్చట గిన్నెలవలె పల్లములు పడినచో షాక్ అబ్జార్బరు మీదనో, బాలెన్సింగు మీదనో అనుమానింపవలెను. కారణమును సరిచేయక చక్రముల స్థానములు మాత్రము మార్చినచో రోగము మంచి టైరునకును అంటుకొనును.

టైరు ప్రక్కగోడపై ఉబ్బు ఉన్నచో లోపలి పోగులు తెగినవని గ్రహించి, దానిని ఆనాడే తీసివేయుడు. గాడులలో అచ్చటచ్చట చిన్న అడ్డుకట్టలు కనబడును. టైరు అరిగి ఆ కట్టల మట్టమునకు వచ్చినచో గాడి లోతు 1.6 మిల్లీమీటర్లు మాత్రమే మిగిలినదని అర్థము. అంతటితో దాని సేవ ముగిసినది. వర్షాకాలమునకు ముందు 3 మిల్లీమీటర్లున్నపుడే మార్చుట నా అభిప్రాయము, ఎందుకన నీటిని బయటికి త్రోయవలసినది ఆ గాడులే. ప్రక్కగోడపై నాలుగంకెల ముద్ర ఒకటి ఉండును. 2319 అని ఉన్నచో అది 2019వ సంవత్సరపు 23వ వారమున తయారైనది. రబ్బరు నడవకున్నను ముదురును. అయిదేండ్లు దాటినదానిని ఏటేటా నిపుణునికి చూపవలెను. పదేండ్లు దాటినచో గాడి ఎంతయున్నను పారవేయవలసినదే. కారు తక్కువగా తిప్పు వృద్ధదంపతులు ఈ విషయమున తరచు మోసపోవుదురు. టైరు క్రొత్తదిగా కనబడును, లోపల వయస్సు మీరియుండును.

చక్రము లేని చోట కనబడు డిస్కును, బ్రేకుప్యాడ్లను చూడుడు. ప్యాడుపై అరుగు పదార్థము 3 మిల్లీమీటర్లకు దిగినచో మార్పునకు వేళయైనది. షాక్ అబ్జార్బరు పొడవున నూనెతడి కనబడరాదు. ముందుచక్రములకు శక్తినందించు ఇరుసు చివర మడతలుమడతలుగా రబ్బరుతొడుగు ఉండును. అది చిరిగినచో లోపలి గ్రీజు చిమ్మిపోయి మన్ను చేరును, కొన్నాళ్ళకు మలుపులయందు టకటకమని చప్పుడు పుట్టును. తొడుగు చిరిగినదని ముందుగా కనిపెట్టినచో అది స్వల్పమరమ్మతు. చప్పుడు వచ్చువరకు ఆగినచో ఇరుసే మార్చవలసివచ్చును.

గాలి సంగతి. వేసవిలో గాలి తగ్గించి నింపవలెనను నమ్మకము మన ప్రాంతమున బలముగా కలదు. ఇది పొరపాటు, ప్రమాదకరమైన పొరపాటు. గాలి తక్కువైన టైరు ప్రతి చుట్టునను ఎక్కువగా నలిగి, ఆ నలుగుటచేతనే వేడెక్కును. మే నెలలో కాలుచున్న 16వ నంబరు రహదారిపై గంటకు నూరు కిలోమీటర్ల వేగమున ఆ వేడియే టైరును చీల్చును. డ్రైవరు తలుపు తెరచినచో స్తంభముపై కాగితము అంటించియుండును. అందున్న పౌండ్ల లెక్కయే ప్రమాణము. ఉదయము కారు కదలకముందు కొలువవలెను. వేడిమి 10 డిగ్రీలు పెరిగినచో సుమారు ఒకటిన్నర పౌండ్లు పెరుగును. దూరము నడచిన తరువాత పెట్రోలు బంకులో కొలిచి, ఎక్కువైనదని గాలి వదలినచో మరునాటి ఉదయమునకు తక్కువ పడును. టైరు ఏ దోషము లేకున్నను నెలకు దాదాపు ఒక పౌండు పోగొట్టుకొనును. కాన సొంత గాలిమీటరు ఒకటి కొని ఇంట ఉంచుట మంచిది. నైట్రోజను నింపుమని కొందరు ప్రోత్సహింతురు. మామూలు గాలిలోనే నూటికి 78 పాళ్ళు నైట్రోజను కలదు. కొలుచు అలవాటు లేనివానికి అదియు రక్ష కాదు. చక్రముల స్థానములు మార్చిన తరువాత ముందు వెనుకల లెక్క వేరైనచో గాలిని మరల సరిచూడవలెను.

స్టెప్నీని మరువకుడు. ఈ మాటకు మూలము వేల్సు దేశములోని లనెల్లీ పట్టణమునందలి స్టెప్నీ వీధి. 1904 ప్రాంతమున ఆ వీధిలోని కర్మాగారము అదనపుచక్రమును తయారుచేసి అమ్మెను. ఆ వీధిపేరు మన డ్రైవర్ల నోట నేటికిని నిలిచియున్నది. దానికి ఇతరచక్రములకంటె ఒకటి రెండు పౌండ్లు అధికముగా నింపియుంచుట మేలు.

రెండు టైర్లు మాత్రమే కొనగలిగినపుడు వానిని ముందు వేయవలెనా, వెనుక వేయవలెనా? పదిమందిని అడిగినచో తొమ్మండుగురు ముందని చెప్పుదురు. టైర్లు తయారుచేయువారు వెనుక వేయుమందురు. తడిబాటపై ముందుచక్రములు పట్టు తప్పినచో స్టీరింగు తేలికయై మనకు తెలియును. యాక్సిలరేటరు వదలినచో బండి చాలవరకు దారికి వచ్చును. వెనుకచక్రములు పట్టు తప్పినచో బండి వెనుకభాగము ప్రక్కకు విసరబడి సుడితిరుగును. దానిని నిలుపుట సామాన్యులకు సాధ్యము కాదు. కాబట్టి మంచి జత వెనుకనే ఉండవలెను. ఇది నాకును మొదట నమ్మశక్యము కాలేదు. స్థానములు క్రమముగా మార్చువారికి నాలుగును కలిసియే అరుగును గనుక ఈ చర్చ సాధారణముగా రాదు.

మిగిలిన ఇంటిపనులు చిన్నవి. ఇంజను ఆపి కొన్ని నిమిషములు ఆగి, సమనేలపై నూనెకమ్మిని తుడిచి ముంచి చూచినచో మట్టము రెండు గీతల మధ్య ఉండవలెను. నూనె పాలవలె తెల్లబడినచో నీరు కలిసినదని తెలిసికొని బండిని కదలింపకుడు. రేడియేటరు మూత వేడిగా ఉన్నపుడు తెరవరాదు. లోని నీరు ఒత్తిడిచే నూరు డిగ్రీలు దాటి కాగియుండి మొగముపైకి ఎగయును. తీరమందలి బోరునీరు ఉప్పన. దానిని రేడియేటరులో పోసినచో లోహమును తినును. కూలెంటునే పోయుడు. గాలివడపోత కాగితమును దులుపవచ్చును, కడుగరాదు. బ్యాటరీ తీగెలు విప్పునపుడు ఋణధ్రువమును మొదట విప్పి, చివర తగిలింపవలెను. దగ్గర దీపము, చుట్ట కూడదు.

ఈ ప్రాంతమునకే చెందిన కష్టములు రెండు మూడు కలవు. కళింగపట్నము, బారువ వంటి తీరగ్రామముల ఉప్పుగాలి చక్రముల పైకప్పుల లోపల పేరుకొన్న మట్టిలో తడితో కలిసి రేకును రహస్యముగా తినును. కారు పైభాగమును అద్దమువలె తుడుచువారు ఆ మట్టిని గొట్టపునీటితో కడుగుట మరువరాదు. కోతలకాలమున పల్లెబాటలపై గడ్డిని, ఉలవచెట్లను పరచి వాహనములచే త్రొక్కింతురు. ఆ గడ్డి కారు అడుగున చుట్టుకొని కాలుచున్న సైలెన్సరును తాకినచో నిప్పు రాజుకొనును. అట్టి బాట దాటగానే ఆగి వంగి చూచుట అవసరము. 2018 అక్టోబరు 11న పలాస ప్రాంతమున తీరము దాటిన తిత్లీ వంటి తుపానులలో కారు ఇంజనువరకు నీట మునిగినచో తాళము త్రిప్పరాదు. సిలిండరులో చేరిన నీరు నలుగదు గనుక ఇంజను లోపలి కడ్డీలు వంగును.

సాలూరు ఘాటు గాని, అనంతగిరి మీదుగా అరకు ఘాటు గాని దిగువారు బ్రేకునూనెను గూర్చి తెలిసికొనవలెను. అది గాలిలోని తేమను పీల్చుకొను స్వభావము కలది. తేమ చేరినకొలది అది మరుగు వేడి తగ్గును. పొడవైన దిగుడులో బ్రేకులు కాగి నూనె మరిగినచో అందు బుడగలు పుట్టి, త్రొక్కిన పెడలు మెత్తగా నేలకు దిగిపోవును. అందుచే రెండేండ్లకొకసారి దానిని మార్పింపవలెను. దిగునపుడు ఏ గేరులో ఎక్కుదురో ఆ గేరులోనే దిగవలెను. ఈ నూనెమార్పు, గాలిసంచుల పని, విద్యుత్కార్లలోని నారింజరంగు తీగెల పని ఇంటివద్ద ముట్టరాదు. చూచుట మన పని. చేయుట నేర్పరి పని. వారంటీ ఉన్న బండికి నియమిత సర్వీసులు కంపెనీవద్దనే చేయించి, ఆ తరువాత ఇంటివద్ద విప్పి చూచుకొనుట మంచిది.

మా ఇంట ఒక నోటుపుస్తకము ఉన్నది. తేది, నడచిన కిలోమీటర్లు, ఏ టైరు ఎచ్చటినుండి ఎచ్చటికి పోయినది, ఒక్కొక్కదాని బయటి, నడిమి, లోపలి గాడుల లోతు ఎంత అన్నది మా అమ్మాయి వ్రాయుచుండును. గాడిలోతు కొలుచు చిన్న గేజి ఆమెయొద్దనే ఉండును. క్రిందటి మార్పునాడు ముందు కుడి టైరు లోపలి అంచు ఒక మిల్లీమీటరు తక్కువైనదని ఆమె గుర్తించి, ఆ అంకె చుట్టును ఎఱ్ఱసిరాతో గీత గీచెను. మరునాడే కారును అలైన్‌మెంటునకు కొనిపోయితిని.